పరిచర్య వాక్యంలో కర్త ఎవరు? నర్సింగ్ పరిశోధన రచనలపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

రోగి క్షేమం, నర్సు పని పరిస్థితులు అనే రెండు అంశాలను నర్సింగ్ పరిశోధన చాలాకాలం విడివిడిగా చూసింది. రెండింటినీ కలిపి చూసిన రచనలు నర్సుకు ఏ స్థానం ఇచ్చాయన్నది మరో ప్రశ్న. ఫ్లారెన్స్ నైటింగేల్, ఇసాబెల్ మెన్జీస్, క్రిస్టినా మాస్లాక్, లిండా ఐకెన్, బియట్రిస్ కాలిష్ రచనలను వాక్యనిర్మాణ దృష్టితో పరిశీలించి, ఆయా రచనల్లో బాధ్యత ఎవరిమీద పడుతున్నదో ఈ వ్యాసం నిరూపిస్తుంది. ఆ వెలుగులో భారతీయ నర్సింగ్ సిద్ధాంతవ్యాసాల ధోరణిని, తెలుగులోకి అనువదించే ప్రశ్నావళుల భాషను చర్చిస్తుంది.

కీలకపదాలు: పరిచర్య, నర్సింగ్ పరిశోధన, పని పరిస్థితులు, రోగి క్షేమం, బర్నౌట్, జరగని పరిచర్య, ప్రశ్నావళి అనువాదం.

1. ఉపోద్ఘాతం:

ఆసుపత్రి విషయాలు చెప్పేటప్పుడు తెలుగు వాక్యంలో కర్త తరచుగా మరుగున పడుతుంది. 'రోగికి పడకపుండు పడింది', 'మందు ఆలస్యమైంది', 'సెలైన్ అయిపోయింది' అంటారు. పుండు ఎందుకు పడింది, మందు ఎవరివల్ల ఆలస్యమైంది అన్న ప్రశ్న రాగానే కర్త అవసరమవుతుంది. అప్పుడు మొదట వినిపించే మాట 'నర్సు చూడలేదు'. ఆ రాత్రి ఆ నర్సు ఎంతమందిని చూడవలసి వచ్చిందన్న సమాచారం ఆ వాక్యంలో ఉండదు.

పరిశోధన రచన ఈ లోపాన్ని సరిదిద్దాలి. పరిశోధన కూడా వాక్యాలతోనే సాగుతుంది కనుక అందులోనూ కర్తను ఎంచుకోవడం, దాచడం, మార్చడం జరుగుతూనే ఉంటాయి. గణాంకశాస్త్ర పద్ధతులు ఎంత కచ్చితమైనవైనా, ఏ అంశాన్ని కారణంగా, దేనిని ఫలితంగా తీసుకోవాలన్నది ముందుగా భాషలో జరిగే నిర్ణయం. నర్సింగ్ పరిశోధనలో ఈ నిర్ణయాలు ఎలా మారుతూ వచ్చాయో కొన్ని ప్రధాన రచనల ఆధారంగా గమనించవచ్చు.

2. గుణాల జాబితా:

పరిచర్యను శాస్త్రవిషయంగా చూడడం భారతీయ వాఙ్మయానికి కొత్త కాదు. చరకసంహిత సూత్రస్థానం చికిత్సకు వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనే నాలుగు పాదాలను చెప్పింది. ఒక్కో పాదానికి నాలుగేసి గుణాలను నిర్దేశించింది. పరిచారకుడికి చెప్పినవి ఉపచారం తెలిసి ఉండడం, దక్షత, తాను సేవించే వ్యక్తిపట్ల అనురాగం, శుచి. పరిచారకుడిని వైద్యుడితో సమానంగా ఒక పాదంగా నిలపడం విశేషం. అయితే ఆ నాలుగూ పరిచారకుడిలో ఉండవలసిన గుణాలే. అతనికి ఎంతమంది రోగులు, ఎంత విశ్రాంతి అన్న ప్రస్తావన ఆ జాబితాలో లేదు.

ఆధునిక నర్సింగ్‌కు మూలగ్రంథంగా భావించే నైటింగేల్ 'నోట్స్ ఆన్ నర్సింగ్' (1859)లో రెండు ధోరణులు కనిపిస్తాయి. రోగికి చలి వేసినా, నీరసం వచ్చినా, పడకపుండు పడినా ఆ దోషం చాలావరకు రోగానిది కాదని, పరిచర్యదని ఆమె వాదించింది. వ్యాధి సహజ లక్షణంగా చెల్లుబాటవుతున్న బాధలో మనుషులు నివారించగల భాగం ఉందని చెప్పడం ఆనాటికి గొప్ప అడుగు. అయితే ఆ వాక్యాన్ని విడిగా తీసుకుంటే దోషమంతా పడక పక్కన నిలిచిన స్త్రీ మీదికి వస్తుంది.

అదే గ్రంథంలో నిర్వహణ గురించిన అధ్యాయం దీనికి సవరణ లాంటిది. తాను ఉన్నప్పుడు జరిగే పని, లేనప్పుడు కూడా జరిగేలా ఏర్పాటు చేయకపోతే ఎంత మంచి పరిచర్య అయినా చెడిపోతుందని నైటింగేల్ అక్కడ చెప్పింది. అంటే పరిచర్య ఒక్క వ్యక్తి గుణం మీద కాక ఏర్పాటు మీద ఆధారపడుతుంది. క్రిమియా యుద్ధకాలపు సైనికుల మరణాల్లో అధికభాగం గాయాలవల్ల కాక నివారించదగిన రోగాలవల్ల సంభవించాయని 1858లో పటాల ద్వారా చూపినది కూడా ఆమే. ఆ పటాలలో నింద ఏ నర్సు మీదా పడలేదు. మురుగు, గాలి, నిర్వహణల మీద పడింది. తరువాతి లోకం మాత్రం దీపం పట్టుకున్న స్త్రీమూర్తిని గుర్తుపెట్టుకున్నంతగా పటాలు గీసిన గణాంకవేత్తను గుర్తుపెట్టుకోలేదు. ఏర్పాటు వెనక్కి పోయి గుణం మిగిలింది.

3. పడక సంఖ్యగా మారిన మనిషి:

ఏర్పాటును మళ్లీ కేంద్రానికి తెచ్చిన రచన ఇసాబెల్ మెన్జీస్ 1960లో వెలువరించిన అధ్యయనం. టావిస్టాక్ సంస్థకు చెందిన ఈ మనోవిశ్లేషకురాలు లండన్‌లోని ఒక బోధనాసుపత్రి నర్సింగ్ వ్యవస్థను పరిశీలించింది. అక్కడి సుమారు 700 మంది నర్సింగ్ సిబ్బందిలో 150 మంది మాత్రమే పూర్తి శిక్షణ పొందినవారు. మిగిలినవారు విద్యార్థినులు. వార్డుల పని అవసరాలకు, విద్యార్థినుల శిక్షణ అవసరాలకు పొంతన కుదరక ఆసుపత్రే సహాయం కోరింది.

మెన్జీస్ గమనించినవి చిన్న విషయాలే. రోగిని పేరుతో కాక పడక సంఖ్యతో, చెడిన అవయవంతో సూచించడం ఒకటి. ఒక నర్సు కొద్దిమంది రోగులను పూర్తిగా చూసుకోవడానికి బదులు వార్డులోని రోగులందరికీ ఒకటి రెండు పనులు మాత్రమే చేయడం మరొకటి. విద్యార్థినులను ఒక వార్డునుంచి మరొక వార్డుకు తరచుగా మార్చడం ఇంకొకటి. బాధను, మరణాన్ని నిత్యం తాకుతూ ఉండే పనిలో పుట్టే ఆందోళనను తట్టుకోవడానికి సంస్థ ఈ పద్ధతులను రక్షణ కవచంగా తయారుచేసుకున్నదని ఆమె వ్యాఖ్యానం. ఆ కవచం ఆందోళనను నిజంగా తగ్గించలేదని, రోగితో అనుబంధంవల్ల కలిగే తృప్తిని కూడా నర్సులకు దూరం చేసిందని ఆమె తేల్చింది. విద్యార్థినుల్లో మూడోవంతు మంది శిక్షణ పూర్తిచేయకుండానే వెళ్లిపోయేవారు. వారిలో ఎక్కువమంది తమంతట తామే వెళ్లినవారు.

రోగిని పడక సంఖ్యతో పిలిచే నర్సును కఠినహృదయురాలిగా చిత్రించడం తేలిక. మెన్జీస్ అలా చేయలేదు. ఆమె రచనలో ఆ పిలుపుకు కర్త సంస్థ. రోగి తన పేరును కోల్పోవడం, నర్సు తన పనిలోని అర్థాన్ని కోల్పోవడం ఒకే ఏర్పాటుకు రెండు ఫలితాలు. రోగి క్షేమమూ నర్సు క్షేమమూ ఒకే వాక్యంలో సమాన స్థాయిలో నిలిచిన అరుదైన రచన ఇది. దీని పరిమితి కూడా స్పష్టమే. మూలకారణాన్ని ఆందోళనలో వెతకడంవల్ల వేతనం, పని గంటలు, సిబ్బంది సంఖ్య విశ్లేషణకు కేంద్రం కాలేకపోయాయి.

4. కొలమానంలోకి వచ్చిన అలసట:

1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ రూపొందించిన బర్నౌట్ కొలమానం నర్సింగ్ పరిశోధనలో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. ఇందులో మూడు విభాగాలున్నాయి. భావోద్వేగపరంగా ఇంకిపోవడం, ఎదుటి మనిషిని వస్తువుగా చూడడం, తాను సాధించినదేమీ లేదనిపించడం. నర్సు 'అలసిపోయాను' అన్న మాటను ఫిర్యాదుగా కొట్టిపారేసే వీలు లేకుండా చేసినది ఈ కొలమానమే. నర్సింగ్ పరిశోధన దీనికి ఋణపడి ఉంది.

అయితే రెండవ విభాగాన్ని మెన్జీస్ పరిశీలనతో పోల్చినప్పుడు ఒక మార్పు కనిపిస్తుంది. రోగిని మనిషిగా చూడలేకపోవడం అన్న ఒకే విషయాన్ని మెన్జీస్ సంస్థ అలవాటుగా చదివింది. ఈ కొలమానంలో అది వ్యక్తికి వచ్చిన అంకెగా నమోదవుతుంది. ప్రశ్నావళిలోని వాక్యాలన్నీ ఉత్తమపురుషలో ఉంటాయి. ఎవరి మనసులో ఏముందో అడగడానికి అది అవసరమే. కాని ఆ అంకెలను కూడి, సగటు తీసి, 'నర్సుల్లో బర్నౌట్ స్థాయి అధికం' అని రాసినప్పుడు అలసట నర్సుల లక్షణంగా వినిపిస్తుంది. అలసటకు నివారణగా ధ్యానం, యోగా, ఒత్తిడి నిర్వహణ తరగతులు సూచించడం ఈ వాక్యానికి సహజమైన కొనసాగింపు. బర్నౌట్‌కు పని వాతావరణమే ప్రధాన కారణమని మాస్లాక్ తన తరువాతి రచనల్లో పదేపదే చెప్పవలసి రావడానికి నేపథ్యం ఇదే.

5. ఏడు శాతం:

లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనం ఈ చర్చను మలుపు తిప్పింది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రులు, 10,184 మంది నర్సులు, శస్త్రచికిత్స జరిగిన 2,32,342 మంది రోగుల సమాచారం దీనికి ఆధారం. ఒక నర్సు చూడవలసిన రోగుల సంఖ్య ఒక్కటి పెరిగితే, చేరిన 30 రోజుల్లోపు రోగి మరణించే అవకాశ నిష్పత్తి 7 శాతం పెరుగుతున్నదని అందులో తేలింది. ఈ 7 శాతం మరణాల సంఖ్యలో పెరుగుదల కాదు. మరణించడానికి, మరణించకపోవడానికి ఉన్న అవకాశాల నిష్పత్తిలో పెరుగుదల. నర్సుకు 4 బదులు 8 మంది రోగులుంటే ఆ నిష్పత్తి 31 శాతం పెరుగుతుంది. అదే అదనపు రోగివల్ల నర్సుల్లో బర్నౌట్ అవకాశ నిష్పత్తి 23 శాతం, ఉద్యోగ అసంతృప్తి 15 శాతం పెరిగాయి. 9 ఐరోపా దేశాల్లో 4,22,730 మంది రోగుల సమాచారంతో 2014లో వెలువడిన అధ్యయనం కూడా అదనపు రోగికి 7 శాతం పెరుగుదలనే చూపింది.

ఈ అధ్యయనాలు ఒక నిర్ణీత కాలంలో సేకరించిన సమాచారం మీద ఆధారపడినవి కనుక సంబంధాన్ని చూపుతాయి; కార్యకారణాన్ని పూర్తిగా నిరూపించలేవు. అయినా వాటి ప్రభావాన్ని తక్కువ చేయడానికి వీల్లేదు. కాలిఫోర్నియా రాష్ట్రం నర్సు, రోగుల నిష్పత్తిపై 1999లోనే చట్టం చేసి 2004నుంచి అమలుచేసింది. సాధారణ వార్డులో ఒక నర్సుకు 5 మందికి మించి రోగులు ఉండరాదన్న నియమం 2005లో వచ్చింది. ఇలాంటి నియమాలను వ్యయభారంగా వాదించే యాజమాన్యాలకు ఐకెన్ అంకెలు గట్టి సమాధానమయ్యాయి.

ఈ విజయంలోనే ఒక ఇబ్బంది దాగి ఉంది. ఐకెన్ ప్రధాన వాక్యంలో కర్త సంఖ్య, ఫలితం రోగి మరణం. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే నర్సు తృతీయావిభక్తిలో, కరణకారకంగా నిలుస్తుంది. నర్సు ద్వారా ఏర్పాటు రోగిపై పనిచేస్తుంది. 23 శాతం అన్న అంకె అదే అధ్యయనంలో ఉన్నా బహిరంగ చర్చలో నిలిచినది 7 శాతమే. నర్సు అలసట తనంతట తానుగా ఎవరినీ కదిలించలేదు. రోగి ప్రాణానికి ముప్పు అని తేలిన తరువాతే దానికి విలువ వచ్చింది. ఇది ఐకెన్ దోషం కాదు, వినే సమాజం పెట్టిన షరతు. అదనపు భారం మోసిన నర్సు చేతిలో ఏ రోగీ మరణించకపోతే ఆ భారం న్యాయమైనదేనా అన్న ప్రశ్నకు ఈ వాక్యంలో సమాధానం లేదు.

6. జరగని పరిచర్య:

సంఖ్యకూ మరణానికీ మధ్య ఏం జరుగుతుంది? దీనికి సమాధానం వెతికినవారిలో బియట్రిస్ కాలిష్ ముఖ్యురాలు. నర్సులతో జరిపిన బృందచర్చల ఆధారంగా ఆమె 2006లో, వార్డుల్లో తరచుగా జరగకుండా మిగిలిపోయే 9 రకాల పనులను గుర్తించింది. రోగిని నడిపించడం, పక్కకు తిప్పడం, వేళకు తినిపించడం, శుభ్రత, ధైర్యం చెప్పడం, ఇంటికి పంపేముందు జాగ్రత్తలు వివరించడం వంటివి వాటిలో ఉన్నాయి. అప్పటివరకు ఆసుపత్రి దస్త్రాలు చేసిన పనిని, చేసిన పొరపాటును మాత్రమే నమోదు చేసేవి. చేయవలసి ఉండి చేయనిది ఎక్కడా నమోదయ్యేది కాదు. కాలిష్ ఆ శూన్యానికి పేరు పెట్టింది.

12 ఐరోపా దేశాల్లో 33,659 మంది నర్సుల సమాధానాల ఆధారంగా 2014లో వెలువడిన అధ్యయనంలో మిగిలిపోయిన పనుల్లో మొదటి స్థానం రోగిని ఓదార్చడం, రోగితో మాట్లాడడం అన్నదానిది. 53 శాతం మంది దానినే పేర్కొన్నారు. మందులివ్వడం, పరీక్షలు చేయడం ఆలస్యమైతే ఎవరో ఒకరు గుర్తిస్తారు. మాట్లాడకపోతే ఎవరూ అడగరు. సమయం చాలనప్పుడు నర్సు మొదట వదులుకునేది లెక్కలో లేని పనిని. రోగి క్షేమం అన్న మాటలో అధికభాగం ఆ లెక్కలో లేని పనిలోనే ఉంది. మరణాన్ని మాత్రమే ఫలితంగా తీసుకున్న అధ్యయనాలకు ఇది కనిపించదు. రోగి బతికి ఇంటికి వెళ్లాడు కనుక అంతా సవ్యంగా జరిగినట్టే నమోదవుతుంది.

నర్సు, రోగి ఇద్దరూ ఒకేసారి కోల్పోయినదాన్ని చూపడం ఈ పరిశోధనల ప్రత్యేకత. చెప్పవలసిన మాట చెప్పలేక ఇంటికి వెళ్లిన నర్సుకూ, వినవలసిన మాట వినకుండా రాత్రి గడిపిన రోగికీ నష్టం ఒకటే. మెన్జీస్ తరువాత ఇద్దరినీ మళ్లీ పక్కపక్కన నిలిపినది ఈ ధారే.

7. భారతీయ సందర్భం, జ్ఞానపరీక్షల పరంపర:

భారతదేశంలో నర్సింగ్ స్నాతకోత్తర విద్యార్థుల సిద్ధాంతవ్యాసాలను గమనిస్తే ఒక శీర్షిక నమూనా పదేపదే ఎదురవుతుంది. 'ఎంపిక చేసిన ఆసుపత్రిలో, ఫలానా విషయంపై, స్టాఫ్ నర్సుల జ్ఞానం మీద ప్రణాళికాబద్ధ బోధనా కార్యక్రమ ప్రభావం' అన్నది ఆ నమూనా. ముందు ఒక పరీక్ష, తరువాత బోధన, ఆ తరువాత మళ్లీ అదే పరీక్ష. మార్కులు పెరుగుతాయి. బోధన ఫలవంతమైనదన్న నిర్ధారణతో వ్యాసం ముగుస్తుంది.

ఈ నమూనా విస్తరించడానికి కారణాలు అర్థం చేసుకోదగినవే. గడువు తక్కువ. అనుమతి ఇవ్వవలసినది ఆసుపత్రి యాజమాన్యమే. నర్సుల జ్ఞానాన్ని పరీక్షిస్తామంటే అభ్యంతరం ఉండదు; వార్డుకు ఎందరు నర్సులున్నారో లెక్కిస్తామంటే ఉండవచ్చు. పడకపుండ్ల నివారణపై నర్సుకు ఎంత తెలుసో కొలిచే అధ్యయనం, రెండు గంటలకొకసారి రోగిని పక్కకు తిప్పడానికి ఆ రాత్రి వార్డులో మనుషులున్నారా అని అడగదు. లోపం తెలియకపోవడంలో ఉందన్న ఊహ శీర్షికలోనే స్థిరపడిపోతుంది. ఇది నైటింగేల్ రచనలోని మొదటి వాక్యానికి తిరిగి వెళ్లడం. ఏర్పాటు గురించిన ఆమె రెండో మాట ఇక్కడా వినిపించదు.

కొలవడానికి ప్రమాణాలు లేక కాదు. బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు, సాధారణ ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒక నర్సు ఉండాలన్నది భారత నర్సింగ్ మండలి ప్రమాణం. ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల వేతనాలపై 2016 జనవరి 29న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల మేరకు కేంద్రప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది. 200 పడకలకు మించిన ఆసుపత్రుల్లో ప్రభుత్వ నర్సులతో సమానమైన వేతనం, 50 పడకలకు లోపువాటిలో కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలని ఆ సంఘం సిఫారసు చేసింది. సెలవులు, పని గంటలు, వసతి, రవాణా కూడా ప్రభుత్వ నర్సులతో సమానంగా ఉండాలని చెప్పింది. ఇది పరిశోధన పత్రం కాదు. అయినా ఇందులో వేతనానికి ప్రాతిపదిక పడకల సంఖ్య, చేసే పని. రోగుల మరణాలు తగ్గుతాయన్న హామీ మీద ఆ వేతనం ఆధారపడలేదు. ఐకెన్ వాక్యంలో కరణంగా ఉన్న నర్సు ఇక్కడ సంప్రదానకారకం, తనకు రావలసినది ఉన్న వ్యక్తి. ఈ ప్రమాణాలు, సిఫారసులు వార్డుల్లో ఎంతవరకు అమలవుతున్నాయన్నది భారతీయ నర్సింగ్ పరిశోధన చేపట్టదగిన అంశం.

పరాయి కొలమానాలను యథాతథంగా తెచ్చుకోవడంలో మరో చిక్కు ఉంది. కాలిష్ జాబితాలోని తినిపించడం, శుభ్రం చేయడం, నడిపించడం ప్రభుత్వాసుపత్రుల్లో చాలావరకు రోగి వెంట వచ్చిన అటెండెంటు చేస్తారు. రోగి భార్యో, తల్లో, కూతురో పడక పక్కన నేలమీద పడుకుని చేసే పనిని ఆ ప్రశ్నావళి చూడలేదు. పని 'జరిగింది' అని నమోదవుతుంది. నర్సుల కొరత ఆ స్త్రీల శ్రమ వెనక మాయమవుతుంది. చరకుడు చెప్పిన మూడో పాదం ఇక్కడ రెండుగా చీలి ఉందని గుర్తించని పరిశోధన నర్సు భారాన్నీ, రోగి క్షేమాన్నీ రెండింటినీ తప్పుగా కొలుస్తుంది.

8. తెలుగు ప్రశ్నావళిలో వ్యతిరేక క్రియ:

నర్సింగ్ సిద్ధాంతవ్యాసాల్లో ప్రశ్నావళులను ప్రాంతీయ భాషలోకి అనువదించి, ఆ అనువాదం సరైనదని భాషాధ్యాపకుల ధ్రువపత్రం జతచేయడం పరిపాటి. తెలుగు శాఖలకు, నర్సింగ్ పరిశోధనకు ఉన్న ప్రత్యక్ష సంబంధం ఇదే. ఈ పనిని సాధారణంగా అక్షరదోషాల సవరణగా చూస్తారు. నిజానికి పైన చర్చించిన నిర్ణయాలన్నీ ఇక్కడే మళ్లీ తలెత్తుతాయి.

జరగని పరిచర్యను గురించి అడిగే ప్రశ్నను తెలుగు చేసేటప్పుడు 'చేయలేదు', 'చేయలేకపోయారు', 'జరగలేదు' అన్న మూడు రూపాల్లో ఒకదాన్ని ఎంచుకోక తప్పదు. మొదటి రూపంలో బాధ్యత వ్యక్తిది. రెండవ రూపంలో వ్యక్తి ఉంది, అశక్తత కూడా ఉంది. మూడవ రూపంలో వ్యక్తే లేదు. 'నిన్న రాత్రి రోగిని పక్కకు తిప్పలేదా?' అని అడిగితే నర్సు తనను తాను కాపాడుకునే సమాధానం చెబుతుంది. 'నిన్న రాత్రి వేళకు పక్కకు తిప్పడం కుదరని రోగులు ఎందరు?' అని అడిగితే వార్డు గురించి చెబుతుంది. ప్రశ్నలోని క్రియారూపం మారితే సమాధానం మారుతుంది. సమాధానం మారితే గణాంకం మారుతుంది.

'సేవ' అన్న మాట విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. తెలుగులో సేవకు భక్తి, త్యాగం అన్న అర్థచ్ఛాయలు బలంగా ఉన్నాయి. సేవకు వేళలు ఉండవు, ప్రతిఫలం అడగరు. పరిచర్యను పూర్తిగా 'సేవ'గా అనువదించిన ప్రశ్నావళిలో పని గంటల గురించి, వేతనం గురించి అడిగే ప్రశ్న అసంగతంగా వినిపిస్తుంది. 'మీ సేవతో మీరు సంతృప్తి చెందారా?' అన్న ప్రశ్నకు కాదని చెప్పడం కష్టం. 'మీ పని పరిస్థితులు మీకు సంతృప్తికరంగా ఉన్నాయా?' అన్నది వేరే ప్రశ్న. సేవ అన్న మాటను తొలగించవలసిన అవసరం లేదు. నర్సులు గౌరవంగా భావించే మాట అది. పనిని అడగవలసిన చోట దానిని వాడకపోవడమే వివేకం.

9. ముగింపు:

నర్సింగ్ పరిశోధన వాక్యంలో కర్త గుణంనుంచి సంస్థకు, సంస్థనుంచి వ్యక్తికి, వ్యక్తినుంచి సంఖ్యకు మారుతూ వచ్చింది. ప్రతి మార్పు ఒక సత్యాన్ని వెలుగులోకి తెచ్చి మరొకదాన్ని మరుగుపరచింది. ఐకెన్ అంకెలు లేకపోతే సిబ్బంది సంఖ్యపై చర్చకు ఇంత బలం ఉండేది కాదు. మెన్జీస్, కాలిష్ రచనలు లేకపోతే ఆ అంకెల వెనుక ఏం పోతున్నదో తెలిసేది కాదు. 2016 నాటి సిఫారసులు రోగి ప్రాణంతో ముడిపెట్టకుండానే నర్సుకు హక్కు ఉందని చూపాయి.

భారతీయ సందర్భంలో ఇకముందు జరగవలసిన పరిశోధన జ్ఞానపరీక్షల పరిధిని దాటి వార్డులోని సంఖ్యలను, అటెండెంట్ల శ్రమను, మిగిలిపోయిన పనులను కలిపి చూడవలసి ఉంది. ఆ పరిశోధన తెలుగులో సాగేచోట భాషాధ్యాపకుల పాత్ర ధ్రువపత్రంపై సంతకంతో ముగియదు. ప్రశ్నావళిలోని ప్రతి వాక్యంలో కర్త ఎవరో చూసి, నర్సు చేయగలిగీ చేయనిదానికీ చేయలేకపోయినదానికీ మధ్య భేదం అనువాదంలో నిలిచిందో లేదో పరీక్షించడం వారి బాధ్యత. ఆ భేదం చెరిగిపోయిన ప్రశ్నావళితో సేకరించిన సమాచారాన్ని ఎంతటి గణాంక పద్ధతీ సరిదిద్దలేదు.